సురూలు గ్రామమున విద్యార్థులు

వంగదేశమున బీర్భూము జిల్లాలో నేల ఎఱ్ఱగా నుండును. ఒకప్పుడు అడవులు గల ఆ ప్రదేశమున చెట్లు క్రమముగా నరకబడుటచే వాననీరు భూమిలో నింకక గండ్లు కోసికొని పాఱిపోవుచుండెను. ఆ గండ్లను అచ్చటివారు ఖోయాయి అందురు. ఈ జిల్లాలో బోల్పూరు పట్టణమునకు సమీపమున శాంతినికేతనము గలదు. మహర్షి దేవేంద్రనాథ టాగూరు 1863 సంవత్సరమున ఆ స్థలమును సంపాదించి ధ్యానమునకై ఒక ఆశ్రమమును నెలకొల్పెను. ఆయన కుమారుడు రవీంద్రనాథుడు 1901లో అయిదుగురు పిల్లలతో అచ్చట పాఠశాల తెఱచెను. ఆ పాఠశాలయే పెరిగి పెద్దదై 1921 డిసెంబరు 23వ తేదీన విశ్వభారతి యను పేర విద్యాపీఠమయ్యెను.

శాంతినికేతనమునకు రెండు మైళ్ళ దూరమున సురూలు అను పల్లె యున్నది. నడచిపోవుటకు గంటసేపైనను పట్టదు. కాని మామిడితోపులలో కూర్చుండి కావ్యములు చదువుకొను విద్యార్థికిని, ఆ పల్లెలో చలిజ్వరముతో మంచము పట్టిన రైతుకును నడుమ గల దూరము అంతకంటె మిక్కిలి హెచ్చు. ఆ దూరమును తగ్గించుటకు 1922లో ఆరంభమైన ప్రయత్నము మిక్కిలి తెలిసికొనదగినది.

విద్యావంతులు బీదల నడుమకు పోయి నివసింపవలెనను తలంపు అంతకు పూర్వమే కొన్ని దేశములలో పుట్టియుండెను. లండను నగరపు తూర్పుభాగమున వైట్‌చాపెల్ అను పేదలపేట గలదు. శామ్యూల్ బార్నెట్ అను క్రైస్తవ పురోహితుడును, ఆయన భార్య హెన్రియెట్టాయు 1884లో అచ్చట ఒక భవనమును స్థాపించిరి. ముప్పది యేండ్లకే మరణించిన ఆర్నాల్డ్ టాయిన్బీ యను పండితుని పేర దానికి టాయిన్బీ హాలు అని నామకరణము చేసిరి. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల యువకులు అందు నివసించుచు ఇరుగుపొరుగు కార్మికులకు పాఠములు చెప్పుచు, వారి కష్టసుఖములను తెలిసికొనుచుండిరి. భారతదేశము స్వతంత్రమైన నాడు బ్రిటనునకు ప్రధానమంత్రిగా నున్న ఆట్లీ తన యౌవనమున కొంతకాలము ఆ సంస్థకు కార్యదర్శిగా పనిచేసినవాడే. అమెరికా వనిత జేన్ ఆడమ్స్ దానిని చూచిపోయి, 1889లో చికాగో నగరమున హల్ హౌస్ అను అట్టి సంస్థనే స్థాపించెను. అయితే ఇవి పట్టణములలోని సంగతులు. మన దేశమున జనులలో అధికసంఖ్యాకులు పల్లెలలో నుండిరి.

ఆ పల్లెలను రవీంద్రుడు పుస్తకములలో చదివి యెఱిగినవాడు కాడు. తండ్రి యాజ్ఞచే 1890 ప్రాంతమునుండి తమ కుటుంబపు జమీందారీ వ్యవహారములను చూచుటకు శిలాయిదహ, పాతిసర్ మొదలగు చోట్ల పెక్కేండ్లు గడపెను. పద్మానదిపై పడవలో నివసించుచు రైతుల మొఱలు వినెను. వారికి తక్కువ వడ్డీకి అప్పులిచ్చుటకై పాతిసరులో ఒక వ్యవసాయ బ్యాంకును నెలకొల్పెను. 1913లో తనకు లభించిన నోబెలు బహుమాన ధనమును సైతము ఆ బ్యాంకులోనే నిలువ చేసెను. తన కుమారుడైన రథీంద్రనాథుని 1906లో అమెరికాకు పంపి ఇల్లినాయి విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదివించెను. సంపన్నుల పిల్లలు న్యాయశాస్త్రమునకై లండనుకు పోవుచున్న ఆ రోజులలో కొడుకును సేద్యము నేర్చుకొనుటకు పంపుట వింతగానే తోచియుండును.

ఇంత చేసినను పల్లెలలో తాను తలపెట్టిన పనులు పలుమారు బెడిసికొట్టుటను ఆయన చూచెను. ఇందుకు నిదర్శనములుగా రెండు సంగతులను తరువాతి కాలమున తానే చెప్పుకొనెను. ఒక ఊరిలో అగ్నిప్రమాదము కలిగెను. నీరు లేకపోవుటచే ఇండ్లను కాపాడుకొనుట కష్టమయ్యెను. ఊరివారు బావి త్రవ్వుకొనినచో దానికి కట్టుబడి ఖర్చు తాను భరింతునని రవీంద్రుడు చెప్పెను. వా రందుకు సమ్మతింపలేదు. త్రవ్వు కష్టము తమది, జలదానము చేసిన పుణ్యము బాబుగారిది యగునని వారి వాదము. చేపనూనెతోనే చేపను వేయించుట యని వంగదేశమున నొక సామెత గలదు. మన వారైనచో సొమ్మొకడిది సోకొకడిది యనియుందురు. మఱొకచోట ఆయన ఒక బాట వేయించి, దానిని పాడుకాకుండ చూచుకొనుడని దారివెంట నున్న పల్లెలవారిని కోరెను. తాము మరమ్మతు చేయగా పట్నపు బాబులు సుఖముగా పోవుదురా యని వారు నిరాకరించిరి. ఆ బాట వలన తమ బండ్లకును మేలే యను మాట వారికి పట్టలేదు.

ఈ మాటలు విని పల్లెవారు మూర్ఖులని నిందించుట సులభము. రవీంద్రుడు అట్లు తలపలేదు. తరతరములుగా పైనుండి వచ్చిన ప్రతివాడును పన్నుకో వడ్డీకో వచ్చినవాడే యగుటచే, మేలు చేయ వచ్చినవానియందును వారికి నమ్మకము కుదురలేదు. వారిలో వారికిని నమ్మిక లేదు. కావున ధనమిచ్చుటచే గాని, ఉపన్యాసములచే గాని పల్లె బాగుపడదనియు, పల్లెవారు కలిసి పనిచేయుట నేర్చినప్పుడే అది సాధ్యమగుననియు ఆయన నిశ్చయించుకొనెను. దేశమంతటిని ఒక్కమాఱు ఉద్ధరింప బూనుట కంటె ఒకటి రెండు గ్రామములను పూర్తిగా తమ కాళ్ళపై తాము నిలుచునట్లు చేయగలిగినచో అవియే తక్కిన దేశమునకు దారి చూపునని ఆయన విశ్వాసము.

సురూలులో ఈస్టిండియా కంపెనీ కాలమునాటి పెద్ద యిల్లొకటి యుండెను. దానిని భూమితో గూడ రవీంద్రుడు 1912లో కొనెను. అచ్చట వ్యవసాయ ప్రయోగములు చేయవలెనని ఉద్దేశము. కాని మలేరియా వలన తొలి ప్రయత్నములు సాగలేదు. ఆ పని చేయదగినవాడు 1921లో న్యూయార్కు నగరమున ఆయనకు తారసిల్లెను. అతని పేరు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్. ఇంగ్లండులోని యార్క్‌షైరునకు చెందినవాడు. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, మొదటి ప్రపంచయుద్ధ కాలమున భారతదేశమునకు వచ్చి ఇచ్చటి పల్లెల దైన్యమును కన్నులార చూచి, అటుపిమ్మట కార్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము నభ్యసించెను. డొరొతీ స్ట్రెయిట్ అను అమెరికా సంపన్నురాలు ఖర్చులకు ధనమిచ్చుట కంగీకరించెను. 1921 చివర ఎల్మ్‌హర్స్ట్ శాంతినికేతనమును చేరెను.

1922 ఫిబ్రవరి 6వ తేదీన సురూలులో గ్రామపునర్నిర్మాణ సంస్థ ప్రారంభమయ్యెను. దానికే తరువాత శ్రీనికేతన మను పేరు వచ్చెను. శాంతినికేతనమునుండి పదిమంది విద్యార్థులు ఎల్మ్‌హర్స్ట్ వెంట అచ్చటికి తరలిరి. వీరిలో పెక్కురు మంచి కుటుంబములనుండి వచ్చినవారు. చేతితో పార పట్టి యెఱుగరు. పల్లెవారికి బోధించుటకు పోవుచున్నామని వారనుకొనియుందురు. వారికి తగిలిన మొదటి పాఠము వేఱు. పాకీపని చేయువారిని పెట్టుకొనరాదనియు, ఎవరి మరుగుదొడ్డిని వారే శుభ్రపఱచుకొనవలెననియు నియమము ఏర్పడెను. మలమును కందకములలో పూడ్చి, దానినే ఎరువుగా చేసి, ఆ నేలలో కూరగాయలు పండించిరి. శుభ్రతను గూర్చి పల్లెవారికి చెప్పబోవువాడు ముందు తన పెరటిని చూచుకొనవలెనుగదా! అంతేకాదు. మలము నెత్తుట ఒక కులమువారి పని యనియు, దానిని తాకిన చేయి మైలపడుననియు నమ్మిన యిండ్లలో పెరిగిన బాలురు ఆ పనికి పూనుకొనుట సామాన్యమైన విషయము కాదు. సురూలు ప్రయత్నమునందు మిక్కిలి కష్టమైన పని ఇదియే యని చెప్పినను తప్పులేదు.

మఱియొక విచిత్రమైన నియమమును రవీంద్రుడు పెట్టెను. ఎల్మ్‌హర్స్ట్ వంగభాష నేర్చుకొనుటకు సిద్ధపడగా ఆయన వలదనెను. దొర తానే వంగభాషలో మాటలాడినచో పల్లెవారితో ప్రసంగమంతయు అతడే నడుపును. వెంట నున్న విద్యార్థులు వినుచు ఊరకుందురు. భాష రానిచో అతడు అడుగు ప్రతి ప్రశ్నయు విద్యార్థి నోటినుండియే రైతునకు చేరవలెను. రైతు ఇచ్చు బదులు విద్యార్థి మనస్సునుండియే తిరిగి రావలెను. పొలమున పైరు ఎందుకు ఎండినది, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎద్దు ఎట్లు చచ్చినది యని విద్యార్థి తానే అడుగుచు తానే వినవలసివచ్చును. అధ్యాపకులలో మేధావులు ఎందరైనను ఉందురుగాని, తెలియకపోవుటను కూడ బోధనకు సాధనముగా చేసినవారు అరుదు.

చుట్టుప్రక్కల గ్రామములు తిరిగి చూచిన పిమ్మట, పల్లెలు క్షీణించుటకు మూడు హేతువులని ఎల్మ్‌హర్స్ట్ తేల్చెను. అవి కోతులు, మలేరియా, ఒండొరుల యెడ అపనమ్మకము. ఇంగ్లీషున ఈ మూడు మాటలును ఒకే అక్షరముతో మొదలగుట చేత అవి చమత్కారముగ ప్రసిద్ధికెక్కినవి. కోతిమూకలు పెరటితోటలను పాడుచేయుటచే జనులు కూరగాయలు పెట్టుట మానుకొనిరి. వానిని చంపుట పాపమని భయము. కూరలు లేని తిండి తినువానికి బలము తక్కువ. బలము తక్కువైనవానిని జ్వరము త్వరగా పట్టును. జ్వరముతో మూలుగువాడు పొరుగువాని మేలు చూడలేడు. ఈ విధముగా మూడును గొలుసుకట్టుగా పెనవేసికొనియుండెను.

మలేరియా దోమకాటు వలన వ్యాపించుననుటకు సాక్ష్యము మన సికిందరాబాదుననే దొరకినది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను వైద్యుడు అచ్చట దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమిని కనుగొనెను. దోమ నిలువనీటిలో గ్రుడ్లు పెట్టును. వానినుండి వెడలిన పిల్లపురుగులు నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనుచు, కొన్ని దినములలో రెక్కలు వచ్చి యెగిరిపోవును. గుంటను పూడ్చినను, నీటిపై పలుచగా కిరసనాయిలు చల్లినను ఆ పురుగులు నశించును. ఉపాయము ఇంత సులభమైనదే. కాని ఒకడు తన యింటి గుంటను పూడ్చుకొని పొరుగువాడు పూడ్చుకొననిచో ఫలమేమి? దోమకు గోడలు, హద్దులు, కులములు లేవు. హిందువుల వాడలోని గుంటలో పుట్టిన దోమ ముసల్మానుల వాడకును, సంతాలుల గుడిసెలకును పోవును. ఊరంతయు కలిసి చేయనిదే ప్రయోజనములేని పని యిది. కలిసిమెలిసి యుండవలెనని నూఱు ఉపన్యాసములు చెప్పినను వినని ఊరికి దోమ ఆ పాఠమును నేర్పెను.

అయితే ఎవరు ముందడుగు వేయవలెను? పెద్దలకు పాతకక్షలు గలవు. అందుచే శ్రీనికేతనమువారు పిల్లలను చేరదీసిరి. బాలభటులవలె గ్రామబాలురను దళములుగా ఏర్పఱచి వారికి వ్రతీబాలకులని పేరిడిరి. వ్రతము పూనిన బాలకులని దాని యర్థము. విద్యార్థులు వారితో ఆటలాడుచు, పాటలు పాడుచు పనులు నేర్పిరి. ఆ బాలురు గుంటలు పూడ్చిరి. చెఱువులలో కిరసనాయిలు చల్లిరి. జ్వరపీడితుల యిండ్లకు క్వినైను అందించిరి. ఇండ్లయొద్ద కూరపాదులు పెట్టిరి. ఊరిలో నిప్పంటుకొన్నప్పుడు ఆర్పుటకు పరుగెత్తిరి. బావి త్రవ్వుకొనుటకు నిరాకరించిన ఆ వెనుకటి ఊరిని ఇచ్చట తలచుకొనవలెను. పెద్దలు వాదులాడుకొనుచుండగా పిల్లలు పని ముగించుచుండిరి. తన బిడ్డ చేతులారా చేసిన పనిని శంకించుట తండ్రికి కష్టము.

గ్రెట్చెన్ గ్రీన్ అను అమెరికా యువతి సురూలుకు వచ్చి వైద్యశాల నడిపెను. మందు పుచ్చుకొనుటకు వచ్చినవారు మెల్లగా మాటలాడుటకును రాసాగిరి. విద్యార్థులు బల్లభ్‌పూర్ మొదలగు గ్రామములలో ఇంటింటికి పోయి భూమి యెంత, పంట యెంత, ఋణమెంత, రోగములేవి యని వివరములు వ్రాసికొనిరి. పల్లె స్థితి ఇట్లుండునని ఊహించుట వేఱు, ఒక్కొక్క యింటి లెక్క తీయుట వేఱు. ఏ యింటి దుఃఖము దేనివలన కలిగినదో తెలియక చేయు సేవ గ్రుడ్డివాడు విసరిన రాయి వంటిది.

క్రమముగా పనులు విస్తరించెను. మగ్గములు, తోలుపని, కుమ్మరిపని అభివృద్ధి చెందినవి. శాంతినికేతనపు తోలుసంచులని దేశమంతట ప్రసిద్ధమైన వస్తువులు ఈ కృషినుండి వచ్చినవే. కళాభవనములోని చిత్రకారుల రేఖలు పల్లెటూరి చేతిపనివారి చేతులలోనికి వచ్చుటచే ఆ సంచులకు ఆ యందము కలిగెను. పల్లెలకు పుస్తకములు మోసికొనిపోవు సంచార గ్రంథాలయము ఏర్పడెను. బీదరైతుల బిడ్డలకై 1924లో శిక్షాసత్ర మను పాఠశాల మొదలై, 1927లో శ్రీనికేతనమునకు మాఱెను. అందు తోటపని, నేతపని మొదలగునవి చదువులో భాగములు. 1928లో హలకర్షణోత్సవము జరుపబడెను. ఆనాడు అరువది యేడేండ్ల విశ్వకవి స్వయముగా నాగలి పట్టి చాలు దున్నెను. ఆ దృశ్యమును నందలాల్ బోసు శ్రీనికేతనపు గోడపై చిత్రించెను. నాగలి పట్టుట నీచమను భావము విద్యావంతుల మనస్సులలో పాతుకొనియున్న దేశమున ఆ చిత్రమునకు విలువ అధికము.

ఈ వృత్తాంతమును విని శ్రీనికేతనము సర్వమును సాధించినదని తలంపరాదు. దానికి కావలసిన ధనములో పెద్దభాగము చాలకాలము సముద్రము దాటి వచ్చుచుండెను. స్వయంపోషణము నేర్పు సంస్థకు ఇది లోటే. ఎల్మ్‌హర్స్ట్ కొలది సంవత్సరములకే వెడలిపోయెను. 1925లో డొరొతీని వివాహమాడి ఇంగ్లండులో డార్టింగ్‌టన్ హాలు అను సంస్థను స్థాపించెను. సురూలులో నేర్చినది అచ్చట ప్రయోగించెనని చెప్పవచ్చును. సేవ చేయబోయినవాడే పల్లెకు శిష్యుడై తిరిగిపోవుట యిందలి విశేషము. పనిచేసిన గ్రామముల సంఖ్యయు కొద్దియే. వడ్డీ వ్యాపారమును, భూమి కొందఱి చేతులలోనే యుండుటయు విద్యార్థుల చేతులతో మాఱునవి కావు. అయినను ఆ గ్రామములలో ప్రజలు సహకార సంఘములుగా కూడి వైద్యుని పెట్టుకొనుటయు, కలిసి అప్పు తీసికొని కలిసి తీర్చుటయు జరిగెను. బాట మరమ్మతుకు నిరాకరించిన కాలముతో పోల్చినచో ఇది స్వల్పమైన మార్పు కాదు.

రవీంద్రుడు 1933లో విశాఖపట్టణమునకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు మానవుని గూర్చి ఉపన్యసించెను. అప్పుడా పరిషత్తునకు ఉపాధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట విశ్వవిద్యాలయ విద్యను పరిశీలించుటకు 1948లో నియమింపబడిన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని ఆ సంఘము 1949లో సూచించెను. విద్యార్థులు స్వచ్ఛందముగా దేశసేవ చేయవలెనను ఆలోచన అటుపిమ్మట పలు సంఘముల పరిశీలనకు వచ్చి, గాంధీ శతజయంతి సంవత్సరమున, అనగా 1969 సెప్టెంబరు 24వ తేదీన, జాతీయ సేవాపథకముగా రూపొందెను. విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దానిని ప్రారంభించెను. తొలుత 37 విశ్వవిద్యాలయములు, 40,000 విద్యార్థులు ఇందు చేరిరి. కోణార్క దేవాలయపు రథచక్రము దీని చిహ్నము. విశ్వభారతి విద్యాపీఠము 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. శ్రీనికేతనము నేటికిని దానిలో నొక భాగము.

జాతీయ సేవాపథకమున చేరిన విద్యార్థి సంవత్సరమునకు 120 గంటల వంతున రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. కళాశాల ఒక గ్రామమును గాని, ఒక పేటను గాని దత్తత తీసికొని, అచ్చట ఏడు దినముల శిబిరము నడుపును. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల కళాశాలలలో సైతము ఈ శిబిరములు జరుగుచుండును. ఏడు దినములలో చేయగలిగిన దేమి యని కొందఱు ప్రశ్నింతురు. ప్రశ్న సమంజసమే. శిబిరము ముగిసినంతనే మరల ఆ ఊరి ముఖము చూడని విద్యార్థుల వలన ఊరికి మిగులునది గోడమీది నినాదము మాత్రమే. ఏటేట అదే గ్రామమునకు పోవు కళాశాల సంగతి వేఱు. మొదటి యేడు విద్యార్థులు వచ్చినప్పుడు అరుగులమీది పెద్దలు వీరెవరని చూతురు. రెండవ యేడు మంచినీరు, మజ్జిగ యిచ్చి పలుకరింతురు. మూడవ యేడు విద్యార్థులు బస్సు దిగునప్పటికే ఊరి పిల్లలు ఎదురువచ్చి, క్రిందటి సంవత్సరము నాటిన మొక్కలలో ఎన్ని బ్రదికినవో, ఎన్నింటిని మేకలు తిన్నవో, ఏ మొక్కకు ఎవరు నీరు పోసిరో లెక్క చెప్పుదురు.